కంటి తడి – దానిని కాపాడుకొను విధము

నూర్పిడి దినములలో కళ్లమునుండి యింటికి వచ్చిన రైతు “కన్నులలో ఇసుక పోసినట్లున్నది, నీరు ధారగాఁ గారుచున్నది” అనుట మన గ్రామములలో వినని వారుండరు. అట్టివానితో “నీ కన్ను ఎండినది” అన్నచో నవ్వును. నీరు కారెడి కన్ను ఎండినదెట్లగును? ఈ సందేహమును దీర్చి, తగిన జాగ్రత్తలను దెలుపుటయే యీ వ్యాసము నుద్దేశము.

కంటిగ్రుడ్డుపై నెల్లప్పుడు పలుచని తడిపొర యొకటి పఱచుకొని యుండును. అందు మూఁడు పదార్థములు గలవు. అడుగున జిగురు, అది తడిని గ్రుడ్డున కంటియుండునట్లు చేయును. నడుమ నీరు; అది కన్నీటిగ్రంథులనుండి వచ్చును. పైన సన్నని నూనె. అది ఱెప్పల యంచులలోని చిన్న గ్రంథులనుండి యూరి, నీరు గాలికి ఆవిరియై పోకుండ కాచును. ఱెప్ప వేసినప్పుడెల్ల నీ పొర మరల సమముగాఁ బఱచుకొనును. సాధారణముగా మనము నిమిషమునకు 15 మొదలు 20 మాఱుల వఱకు ఱెప్ప వేయుదుము.

నూనె తగ్గినను, నీరు తగ్గినను ఈ పొర చీలి కన్ను మండును. ఆ మంటకు కన్నీటిగ్రంథులు ఒక్కుమ్మడిగా నీటిని వదలును. అందు నూనెయు జిగురును చాలవు గనుక ఆ నీరు నిలువక చెంపలపై జాఱిపోవును. గట్టు తెగిన మడికి ఎంత నీరు పెట్టినను నిలువనట్లే యిదియు.

ఎండగాలి, కళ్లపు దుమ్ము, కట్టెలపొయ్యి పొగ, చుట్టపొగ ఈ వ్యాధికిఁ గారణములు. వయస్సు మీఱినవారికిని, ముట్లుడిగిన స్త్రీలకును ఇది హెచ్చు. జలుబునకును దురదలకును వాడెడి కొన్ని మాత్రలును తడిని తగ్గించును. రాత్రులయందు సెల్‌ఫోనును ఱెప్ప వేయక చూచుట ఇటీవల వచ్చిన మఱియొక కారణము.

నివారణోపాయములు సులభములు:

1. దుమ్ములోఁ బని చేయునపుడు ప్రక్కలు మూసియుండు కంటద్దములను, ఎండలో తలపాగానో అంచుగల టోపీనో ధరింపవలెను.

2. పని ముగిసిన పిమ్మట చేతులు సబ్బుతోఁ గడుగుకొని, పిదప ముఖమును మంచినీటితోఁ గడుగుకొనవలెను. కన్నులను నులుమరాదు.

3. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డను మూసిన ఱెప్పలపై అయిదు మొదలు పది నిమిషముల వఱకు ఉంచినచో గడ్డకట్టిన నూనె కరఁగి యూరును.

4. వంటయింటిలోని పొగ వెలుపలికిఁ బోవు మార్గ ముండవలెను.

పిల్లల కన్ను ఎండుటకు వేఱొక ముఖ్యకారణము గలదు. అది ‘ఎ’ విటమిను లోపము. మొదట రేచీకటి వచ్చును. సందెచీఁకటిలో బిడ్డ తడవుకొనుచు నడచును. పిదప తెల్లగ్రుడ్డు కాంతి తగ్గి, నురుగువంటి మచ్చ లేర్పడును. ఉపేక్షించినచో నల్లగ్రుడ్డుపై పొర కరఁగి చూపు శాశ్వతముగాఁ బోవును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి పరిశోధనల యాధారమున 1970లో పిల్లలకు ఆఱు నెలల కొకమాఱు ఈ విటమిను మోతాదు నిచ్చు పథకము దేశమున నారంభమైనది. దానిని తప్పక వేయింపవలెను. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు, పాలు, గ్రుడ్లు ఆహారమున నుండవలెను. ఆకుకూరను కొంచెము నూనెతో వండినఁగాని ఆ సత్తువ దేహమునకు బాగుగా నందదు. పెరటి మునగచెట్టు ఇంటిల్లిపాది కన్నులకును కాపు.

ఇఁక నన్నిటికంటె ప్రమాదకరమగు విషయము. ధాన్యపు నూగో, చెఱకాకో తగిలి నల్లగ్రుడ్డు గీఁచుకొనినచో, ఆ గీఁతలో బూజు పట్టి పుండగును. వ్యవసాయదారులకు ఇట్టి పుండ్లు మన ప్రాంతమున తఱచు. అట్టి సమయమున ఆకుపసరు, ఆముదము, చనుఁబాలు పోయుటయు, నాలుకతోఁ దీయించుటయు మిక్కిలి హానికరములు. అంగడిలో నడిగి తెచ్చిన స్టెరాయిడు చుక్కలు అంతకంటె హానికరములు. ఎఱుపు తగ్గినట్లు తోఁచును గాని లోపల బూజు విజృంభించును. నొప్పి, వెలుతురు చూడలేకపోవుట, చూపు మసకబాఱుట, తెల్లని మచ్చ – వీనిలో నే యొక్కటి కనఁబడినను ఆ దినముననే కంటివైద్యునిఁ జూడవలెను. పంట మఱునాఁడు నూర్చుకొనవచ్చును; పోయిన కన్ను మఱునాఁడు రాదు.

సున్నముగాని పురుగుమందుగాని కంటఁ బడినచో ఆసుపత్రికిఁ బరుగెత్తుటకు ముందే, ఉన్నచోటనే ఱెప్పలు విప్పి పట్టి, ఇరువది నిమిషములు ఎడతెగక శుభ్రమైన నీరు పోయవలెను. పిదపనే ప్రయాణము. సున్నపు డబ్బీని పిల్లల కందనీయరాదు.

సభ్యులారా! ఎరువులును విత్తనములును కలసి కొనుచున్న మనము, నూర్పిడికి ముందు కంటద్దములను గూడ సంఘము ద్వారా కలసి తెప్పించుకొనరాదా? ఒక్కొక్కదాని వెల ఒక దినపు కూలిని మించదు. యంత్రమువద్ద ధాన్య మందించు కూలివానికి మొదట నిచ్చి, పిమ్మట తాను ధరించు రైతే సహకారధర్మము నెఱిఁగినవాఁడు. రాఁబోవు సభలో నీ విషయమును చర్చించి తీర్మానింప మనవి.