ఒకే పేరు, అనేక వంశములు

ఇంటిపేరు ఒకటైన మాత్రమున వంశము ఒకటగునా? ‘పెరీరా’ అను పోర్చుగీసు ఇంటిపేరును మేము ఇచట ఉదాహరణముగా గైకొనుచున్నాము.

పోర్చుగీసు భాషలో పెరీరా యనగా బేరిపండ్ల చెట్టు. చెట్టు పేరు ఊళ్లకును, ఊళ్ల పేరు మనుష్యులకును వచ్చినది. 1510లో పోర్చుగీసువారు గోవాను జయించిన పిమ్మట, క్రైస్తవము స్వీకరించిన స్థానికులనేకులు తమకు బాప్తిస్మమిచ్చిన గురువుల యొక్కయు, జ్ఞానపితల యొక్కయు ఇంటిపేర్లను గ్రహించిరి. కావున గోవాలోని పెరీరాలందరు ఏకరక్త సంబంధులు కారు. సింహళమున ఈ పేరే ‘పెరేరా’ యైనది. కొలంబియా దేశమున 1863లో వెలసిన పెరీరా నగరము ఫ్రాన్సిస్కో పెరీరా మార్టినెజ్ అను న్యాయవేత్త పేరిట నున్నది. ఊరి నుండి మనిషికి వచ్చిన పేరు, మనిషి నుండి మరల ఊరికి చేరినది.

మన తెలుగు ఇంటిపేర్లలోను పెక్కులు ఊళ్ల పేర్లే. ఒకే ఊరు విడిచిన వేర్వేరు కులములవారికి ఒకే ఇంటిపేరు కలుగుట కద్దు. ఊరి పేరు ప్రజల నాలుకపై నిలుచును. మొగలాయీలు ఆదోనికి ఇంతియాజ్‌గఢ్ అని పేరిడినను, నేటికిని అది ఆదోనియే.

కావున ఆదోని, ఎమ్మిగనూరు విద్యార్థులకు మా మనవి: పేరు విని తోటివాని కులమతములను ఊహింపకుడు. ఆ పేరు ఏ ఊరి నుండి వచ్చినదో ఇంటి పెద్దలనడిగి వ్రాసికొనుడు. వారు చెప్పగల కాలముననే ఆ చరిత్ర మనకు దక్కును.