చక్కెర పూలు

ధర్మవరమునుండి బెంగుళూరునకు పోవు రైలుదారిలో పెనుకొండ, హిందూపురము అను పట్టణములు వరుసగా వచ్చును. 2022వ సంవత్సరమున అనంతపురము జిల్లానుండి విడివడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఈ మూడు పట్టణములును చేరినవి. ఇది వానలు తక్కువైన సీమ. అయినను ఇచటివారికి పూలయందు మక్కువ మెండు. ధర్మవరపు నేతగాడు పట్టుచీర అంచున జరీతో పూలు పూయించును. పెనుకొండలోని బాబయ్య దర్గాకు పోవువారు పూలను, చక్కెరను సమర్పింతురు. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షి దేవాలయమున పదునారవ శతాబ్దపు శిల్పులు రాతిపై మలచిన పూలు నేటికిని వాడలేదు. పట్టుతోను, రాతితోను చేసినట్లే చక్కెరతోను పూవును చేయవచ్చును. అది ఎట్లో తెలిసికొందము.

చక్కెరతో బొమ్మలు చేయుట మనకు క్రొత్త కాదు. పెండ్లి సారెలో పంచదార చిలుకలు పెట్టుట తెలుగువారి ఆచారము. కన్నడ సీమలో సంక్రాంతినాడు నువ్వులు, బెల్లముతోపాటు చక్కెర అచ్చులు పంచిపెట్టుదురు. సరిహద్దున నున్న హిందూపురమునకు ఈ వేడుక తెలియనిది కాదు. పాకమును కాచి, పాలు పోసి మురికి తీసి, తెల్లబడువరకు కలియబెట్టి, నీట నానిన కొయ్య అచ్చులలో పోయుదురు. కొలది నిమిషములలో చిలుకయో, ఏనుగో, పూవో గట్టిపడి వెలికి వచ్చును. చూడ ముచ్చటగా నుండును. కాని అచ్చులోనుండి వచ్చిన నూరు పూలును ఒక్క తీరుగనే యుండును. తోటలో అట్లు నూరు పూలు పూయవు.

కేకులపై అలంకరించు చక్కెర పూవు వేరు. దీనిని ఒక్కొక్క రేకుగా చేతితో చేయవలెను. చక్కెరలో నీరు మాత్రమే కలిపినచో ముద్ద సాగదు. పలుచగా వత్తగనే విరిగిపోవును. కావున అందు బంక చేర్చుదురు. బంక నీటిని పీల్చుకొని ఉబ్బి, చక్కెర రేణువులను పట్టి యుంచును. అప్పుడు ముద్ద రబ్బరువలె సాగును; తడి ఆరిన పిమ్మట పింగాణివలె గట్టిపడును. ఐరోపావారు పూర్వము ఇరాను మొదలగు దేశములలో దొరకు ట్రాగకాంతు బంకను ఇందుకు వాడిరి. మన అడవులలోని తపసి చెట్టు బంకయు ఆ జాతి గుణము గలదే. నేడు మొక్కల పీచునుండి తయారగు సి.ఎం.సి. అను పొడిని వాడువారు పెక్కుమంది.

సుమారు 450 గ్రాముల మెత్తని ఐసింగు చక్కెరకు మూడు చిన్న చెంచాల బంకపొడియు, ఒక గ్రుడ్డులోని తెల్లసొనయు, కొంచెము వనస్పతియు చేర్చి పిసుకుదురు. గ్రుడ్డు వలదనువారు దానికి బదులు తగినంత నీరు చేర్చుదురు. ముద్దను గాలి తగులకుండ చుట్టి ఒక దినము ఊరనిత్తురు. పిమ్మట కొద్దికొద్దిగా తీసి అప్పడముకంటె పలుచగా వత్తుదురు. క్రింద ఉంచిన కాగితముపై అక్షరములు లీలగా కనబడవలెను. అప్పుడే రేకునకు తగిన పలుచదనము వచ్చినట్లు.

గులాబిని చేయువారు మొదట తీగె కొనకు మొగ్గవంటి చిన్న ముద్దను గ్రుచ్చి, రాత్రియంతయు ఆరబెట్టుదురు. మొదటి రేకును ఆ మొగ్గ కొన కనబడకుండ బిగుతుగా చుట్టుదురు. తరువాతి వరుసలలో రెండు, మూడు, అయిదు రేకులను, ఒకదాని అంచు వేరొకదానిపై వచ్చునట్లు అతుకుదురు. ప్రతి రేకు అంచును చిన్న గోళీవంటి కొనగల పనిముట్టుతో నొక్కి పలుచన చేయుదురు. లోపలి రేకులు ముకుళించి యుండవలెను. వెలుపలివి విచ్చుకొని, అంచులు వెనుకకు మడిగి యుండవలెను. క్రింద అయిదు రక్షక పత్రములు పెట్టుదురు. తినదగిన పొడి రంగును కుంచెతో అద్ది, ఒక్క క్షణము ఆవిరి చూపింతురు. దానితో రంగు అంటుకొని, పొడి పొడిగా కనబడుట మానును. ఒక్క గులాబికి రెండు దినములు పట్టుట కలదు.

ఇంత చేసినను క్రొత్తగా నేర్చువారి మొదటి గులాబి తరచుగా క్యాబేజివలె కనబడును. ముద్ద చెడినదని గాని, చేయి తిరుగలేదని గాని వారు తలంతురు. నిజమైన లోపము వేరొకటి. వారు పూవును చూచి చేయలేదు; తమకు తెలిసినదనుకొని చేసిరి. పూవును అనుదినము చూచుచునే యుందుము గాని దాని రేకులు ఎన్నియో, ఏ రేకుపై ఏ రేకు ఒరగినదో అడిగినచో చెప్పజాలము. అందుచే మంచి పనివారు ఒక నిజమైన పూవును తెచ్చి, రేకులను ఒక్కొక్కటిగా ఊడదీసి, వరుస తప్పకుండ బల్లపై పరచుకొందురు. వానిని చూచి కాగితముపై గీచుకొందురు. గులాబి రేకు అడుగున లేతరంగు వచ్చుటయు, పాత రేకు అంచు కమిలి యుండుటయు అప్పుడు కనబడును. ఒక రేకునకు చిన్న చీలిక, ఒక ఆకునకు పురుగు కొరికిన గుర్తు పెట్టినచో చక్కెర పూవు నిజమైన పూవుగా తోచును. లోపము లేని పూవే అబద్ధముగా కనబడును.

ఈ పనికి తేమ శత్రువు. చక్కెర గాలిలోని తడిని పీల్చుకొనును. సముద్రతీరమునను, వానకాలమునను రేకులు మెత్తబడి వ్రాలిపోవును. హిందూపురము, పెనుకొండ ప్రాంతములందు ఏడాదిలో పెక్కు దినములు గాలి పొడిగా నుండును. సేద్యగాని కంట నీరు తెప్పించు ఆ పొడిగాలియే చక్కెర రేకును నిలబెట్టును.

మరియొక విశేషము కలదు. ఈ మెట్ట సీమలో గన్నేరు విరివిగా పూయును. అందమైనదే యైనను ఆ మొక్కయంతయు విషము. తినెడి పదార్థముపై దాని పూవును ఉంచరాదు. చక్కెరతో చేసిన గన్నేరునకు ఆ భయము లేదు. అయినను లోపలి తీగెను కేకులో నేరుగా గ్రుచ్చకూడదు. తినునపుడు పూవును ముందుగా తీసి వేయవలెను.

2011వ సంవత్సరమున బ్రిటిషు రాకుమారుడు విలియము వివాహపు కేకుపై సుమారు 900 చక్కెర పూలను అమర్చిరి. వేడుక ముగిసిన పిమ్మట అట్టి పూలు ఎంతకాలము నిలుచును? లేపాక్షి రాతిపూవు శతాబ్దములు నిలిచినది. ధర్మవరపు చీరపై పూవు తల్లినుండి కూతురికి చేరును. చక్కెర పూవు ఒక పూట కంటికి విందు చేసి, కత్తి దిగగనే పోవును. అయినను మూడింటిని చేసినవారును మొదట చేసిన పని ఒక్కటే: చేతిలోనికి ఒక నిజమైన పూవును తీసికొని, తొందరపడక దానిని చూచిరి. పూవు పోయినను ఆ చూపు వారియొద్దనే యుండును. మరునాడు వాకిటిలో పూచిన మొక్కను దాటి పోవునపుడు వారు ఒక్క క్షణము నిలిచి దానివైపు చూచుదురు.