కౌలు సేద్యం – సేవాసంస్థల కర్తవ్యం

ఒకనాడు తెలుగు తరగతిలో అన్యదేశ్యాలను గూర్చి పాఠం చెబుతుండగా 'కౌలు' అనే పదం ప్రస్తావనకు వచ్చింది. కంకిపాడు పరిసర గ్రామాల నుండి వచ్చే విద్యార్థులకు ఆ పదానికి అర్థం చెప్పవలసిన పని లేదు. కాని అది ఏ భాషాపదమని అడిగినప్పుడు ఉర్దూ చదువుకొన్న విద్యార్థి ఒకడు లేచి, "ఖౌల్ అంటే మాట, వాగ్దానం అండీ" అని జవాబిచ్చాడు. తరగతిలో కొంత నవ్వు వినిపించింది. ఎకరం పొలానికీ నోటి మాటకూ సంబంధమేమిటని వారి సందేహం. నిజానికి ఆ సంబంధమే ఈ వ్యాసానికి విషయం.

మన వ్యవసాయ పరిభాషలో ఇటువంటి పదాలు అనేకం. ఖరీఫ్ అంటే శరదృతువు, రబీ అంటే వసంతం. రైతు అనే మాటకు మూలమైన 'రఇయ్యత్' పాలకుని సంరక్షణలో ఉండవలసిన ప్రజను సూచిస్తుంది. కౌలు విషయమూ అంతే. పూర్వపు రెవెన్యూ వ్యవహారంలో కౌలు అంటే సర్కారో భూస్వామియో రైతుకు వ్రాసి ఇచ్చిన హామీపత్రం. దానికి బదులుగా రైతు వ్రాసి ఇచ్చేది కబూలియత్ లేదా ముచ్చలిక. అనగా ఆనాడు మాటకు కాగితం తోడుండేది. నేడు మన డెల్టాలో తరచుగా మాట మాత్రమే మిగిలి కాగితం మాయమైనది. రైతుకు అండగా నిలువదలచిన ఏ సంస్థ అయినా ముందుగా ఎదుర్కొనవలసిన చిక్కు ఇదే.

లాభాపేక్ష లేని సంస్థ

వ్యాపార సంస్థ తన లాభాన్ని వాటాదారులకు పంచుతుంది. సహకార సంఘం తన సభ్యుల ప్రయోజనం చూస్తుంది. లాభాపేక్ష లేని సంస్థలో మిగులు ఎవరి జేబులోనికీ పోదు. అది తిరిగి ఆశయానికే వినియోగం కావాలి. ఈ భావన మనకు కొత్తది కాదు. మూలధనాన్ని కదల్చకుండా దాని ఫలసాయాన్ని మాత్రం ధర్మకార్యానికి వినియోగించే వక్ఫ్ పద్ధతి శతాబ్దాల నాటిది. నేడు అటువంటి సంస్థలు సొసైటీగానో, ట్రస్టుగానో, 2013 నాటి కంపెనీల చట్టంలోని 8వ సెక్షను క్రింద కంపెనీగానో నమోదవుతున్నవి.

పునుకుల నుండి డెల్టా దాకా

తెలుగునాట రైతుకు ఇటువంటి సంస్థలు చేసిన సేవలో పునుకుల గ్రామ చరిత్ర ముఖ్యమైనది. నాటి ఖమ్మం జిల్లాలోని ఆ ఊరిలో రైతులు ప్రత్తిమీద పురుగుమందులు విపరీతంగా చల్లి అప్పుల పాలైనారు. 1999 ప్రాంతంలో 'సెక్యూర్' అనే చిన్న స్వచ్ఛంద సంస్థ అక్కడ వేపకషాయం, ఎరపంటలు, లింగాకర్షక బుట్టలు మొదలైన ఉపాయాలు నేర్పింది. కొద్ది సంవత్సరాలలోనే ఊరంతా రసాయనిక పురుగుమందులు మానివేసింది. 2004లో హైదరాబాదులో ఏర్పడిన సుస్థిర వ్యవసాయ కేంద్రం ఈ అనుభవాన్ని ఇతర గ్రామాలకు విస్తరింపజేసింది. అదే కాలంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా పొదుపు సంఘాల ద్వారా ఈ పద్ధతిని జిల్లాలకు తీసికొనిపోయింది.

ఆ పరంపరలోనిదే రైతు సాధికార సంస్థ. 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీనిని లాభాపేక్ష లేని కంపెనీగా నెలకొల్పింది. 2016 నుండి ఇది ప్రకృతి వ్యవసాయాన్ని ప్రచారం చేస్తున్నది. ఇది ప్రభుత్వ సంస్థే కదా, సేవాసంస్థ ఎట్లా అవుతుందని ఎవరైనా అడుగవచ్చును. పెట్టినది ప్రభుత్వమే. అయినా పని జరిగేది గ్రామంలో, మహిళా సంఘాల ద్వారా. పాఠం చెప్పేది సాధారణంగా స్వయంగా ఆ పద్ధతిలో పండించి చూపిన రైతే. ఒక రైతు మాటను మరొక రైతు నమ్మినట్లుగా ఉపన్యాసకుని మాటను నమ్మడు గదా!

ఈ పద్ధతిలో జీవామృతం ప్రధానం. పది కిలోల ఆవుపేడ, అయిదు నుండి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి రెండువందల లీటర్ల నీటిలో కలిపి రెండు రోజులు నీడలో పులియబెట్టి, ఆ ద్రవాన్ని ఎకరానికి పారిస్తారు. విత్తనశుద్ధికి బీజామృతం, నేలను ఎండకు వదలకుండా కప్పివుంచే ఆచ్ఛాదన, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచడం ఇందులోని మరికొన్ని అంగాలు. వీటన్నింటి పరమార్థం ఒకటే: నేలలోని సూక్ష్మజీవులను పెంచి, నేలను క్రమంగా బలపరచడం.

దీనిపై భిన్నాభిప్రాయం లేకపోలేదు. రుజువు కాని పద్ధతిని ఇంత విస్తృతంగా అమలుపరచడం తగదని 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ హెచ్చరించింది. సంస్థ వారు తమ రైతుల పొలాలనే నిదర్శనంగా చూపుతున్నారు. దిగుబడిని గూర్చిన ఈ వాదం ఎట్లా తేలినా, ఒక్క విషయంలో ఇరుపక్షాలకూ భేదం ఉండబోదు: నేల ఒక పంటకాలంలో బాగుపడదు, దానికి కొన్ని ఏళ్లు కావాలి.

మన డెల్టాలోని చిక్కు

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. బెజవాడ–బందరు రహదారి మీద ఉన్న కంకిపాడు చుట్టుపట్ల పొలాలు కాలువ నీటితో పండేవి. 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ ఈ నేలను అన్నపూర్ణగా మార్చినవి. తొలిపంట వరి. కోతకు కొద్ది రోజుల ముందు, తడి ఆరకుండానే, వరిచేలో మినుములు వెదజల్లడం ఇక్కడి వారి నేర్పు. దున్నకుండా, ఎరువు వేయకుండా మంచుకే పండే ఆ మినుము నేలకు నత్రజనిని కూడ ఇస్తుంది. ప్రకృతి వ్యవసాయం నేడు బోధించే నీతిని డెల్టా రైతు ఏనాడో ఆచరించాడన్నమాట.

అయితే ఆ రైతు ఎవరు? భూమి గల కుటుంబాలు చదువులకూ ఉద్యోగాలకూ విజయవాడ, హైదరాబాదు, అమెరికాలకు తరలిపోగా, డెల్టాలో సాగు అధికభాగం కౌలుదారుల చేతిలో ఉన్నది. ఎకరానికి ఇన్ని బస్తాలని మాట అనుకొంటారు. బస్తా అంటే 75 కిలోలు. ఆ ఒప్పందం సాధారణంగా ఒక్క ఏడాదికే. తుపాను వచ్చినా, ధర పడిపోయినా చెప్పిన బస్తాలు కొలిచి ఇవ్వవలసిందే.

ఒక ఉదాహరణ తీసికొందాం. ఒక కౌలుదారు దంపతులు మూడు ఎకరాలలో జీవామృతం పారించి, నవధాన్యాలు చల్లి, నేలను సాకుతున్నారనుకొందాం. మూడవ ఏట మట్టి గుల్లబారి, వానపాములు కనబడుతున్నవి. అప్పుడు యజమాని రెండు బస్తాలు ఎక్కువ ఇచ్చేవారు దొరికారని పొలం మార్చితే ఆ శ్రమఫలం ఎవరిది? నేలను బాగుచేసినవాడు గట్టు మీద నిలబడి చూడవలసినదే. ఆ భయమున్నవాడు ఒక్క పంటలో ఫలితం చూపే యూరియా బస్తావైపే మొగ్గుతాడు. అది అతని అజ్ఞానం కాదు; అతని లెక్క సరియైనదే. మార్చవలసినది ఆ లెక్కను పుట్టించిన పరిస్థితిని.

చట్టాలు లేక ఈ దుస్థితి కలుగలేదు. 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టం కౌలు వ్రాతపూర్వకంగా ఉండాలనీ, కనీస గడువు ఆరేళ్లనీ నిర్ణయించింది. వ్రాసి ఇస్తే భూమి చేజారుతుందనే భయంతో యజమానులు కాగితమే మానుకొన్నారు. 2011 చట్టం కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చింది. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందానికి కార్డు ఇస్తూ, దానివల్ల భూమిపై ఏ హక్కూ కలుగదని యజమానికి హామీ ఇచ్చింది. కాని ఆ కార్డుకు యజమాని సంతకం కావాలి. సంతకం లేనిచోట బ్యాంకు రుణం, పంటల బీమా, నష్టపరిహారం అన్నీ దూరమే. పైగా నేలకు కావలసినది ఏళ్ల గడువు. కార్డు గడువు పదకొండు నెలలు!

రెండు పాఠాలు

2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ మానవతా పురస్కారాన్ని మన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మరి ఇద్దరితో పంచుకొన్నది. ఒకరు మృత్తికా శాస్త్రవేత్త రతన్ లాల్, మరొకటి ఈజిప్టులోని 'సెకెం' సంస్థ. ఇబ్రహీం అబూలైష్ 1977లో కైరో సమీపాన ఎడారి భూమి తీసికొని సెకెంను ప్రారంభించాడు. ఇసుకలో కంపోస్టు కలిపి, చెట్లు నాటి, దశాబ్దాల ఓర్పుతో దానిని సాగునేలగా మార్చారు. ఎడారి పండినది, వండలి మట్టి గల మన డెల్టా పండించినవాడు దిగులుపడుతున్నాడు! భేదం మట్టిలో లేదు. వచ్చే ఏడు కూడ ఈ నేల నాదేనన్న నమ్మకంలో ఉన్నది.

సొంతభూమి లేనివారికి మరొక మార్గం కేరళ చూపింది. 1998లో ఆరంభమైన కుటుంబశ్రీలో మహిళలు బృందాలుగా ఏర్పడి, భూమిని ఉమ్మడిగా కౌలుకు తీసికొని, సమష్టి బాధ్యతపై బ్యాంకు రుణం పొంది సాగు చేస్తున్నారు. ఒంటరి కౌలుదారు మాటకు లేని విలువ సంఘం మాటకు ఉంటుంది.

కర్తవ్యం

కాబట్టి మన డెల్టాలో రైతుసేవ చేయదలచిన సంస్థ జీవామృతంతోపాటు ఒప్పందపత్రాన్ని కూడ చేతబట్టుకొని పోవాలి. రైతు స్వరాజ్య వేదిక వంటి సంస్థలు కౌలుదారుల గుర్తింపుకై చేస్తున్న కృషి ఈ దిశలోనిదే. యజమానినీ కౌలుదారునీ ఒకచోట కూర్చోబెట్టి, భూమికి భయం లేదని ఒకరికీ, గడువుకు భయం లేదని మరొకరికీ నచ్చజెప్పగల మధ్యవర్తి కావాలి. లాభాపేక్ష లేనివారి మాటనే ఇరువురూ నమ్ముతారు. నేల బాగుపడితే చివరకు లాభపడేది యజమానియేనని కూడ వారు చెప్పగలరు.

విద్యార్థి మిత్రులారా! మీలో అనేకుల ఇండ్లలో కౌలుకు ఇచ్చినవారో తీసికొన్నవారో ఉంటారు. ఈ సెలవులలో మీ ఇంటి కౌలు ఎన్నాళ్లకు, ఎన్ని బస్తాలకు, కాగితం మీదనా నోటి మీదనా అని అడిగి తెలిసికొనండి. కాగితం లేకపోతే, చదువుకొన్నవారుగా మీరే ఆ నాలుగు పంక్తులు వ్రాసి ఇరుపక్షాల ముందూ ఉంచండి. మాట ఇచ్చినవాడు సంతకానికి వెనుదీయనినాడు కౌలు అనే పదం తన అసలైన అర్థాన్ని తిరిగి పొందగలదు.