ఇనుప కాలుంటే ఎక్కువేళ్ళు బతుకుతామా?

సంక్రాంతి సెలవుల ముందు ఒక ఆదివారం మా వార్డెన్ గారు మమ్మల్ని సూర్యలంక తీసుకువెళ్ళారు. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లే. సరుగుడు తోటలు దాటగానే అందరం చెప్పులు విడిచి నీళ్ళవైపు పరుగెత్తాం. మాలో ఒక్కడు మాత్రం ఒడ్డునే కూర్చున్నాడు. చిన్నప్పుడు జరిగిన ప్రమాదంలో అతనికి కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. కృత్రిమ కాలుతో నడుస్తాడు. ఆరో తరగతి తమ్ముడొకడు అతని పక్కన చేరి, ఆ కాలిని తట్టి చూసి, "అన్నా, దీనికి పుండు పడదు, నొప్పి రాదు కదా! అయితే నువ్వు మా అందరికంటే ఎక్కువేళ్ళు బతుకుతావా?" అని అడిగాడు. మేమంతా నవ్వాం. మా మిత్రుడు నవ్వలేదు. "ఏమోరా, నాకెవరూ చెప్పలేదు" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని వదల్లేదు. సైన్సు మాస్టారిని అడిగి, గ్రంథాలయంలో చదివి తెలుసుకున్న సంగతులను ఈ వార్షికోత్సవ సంచికలో పాఠక మిత్రుల ముందు ఉంచుతున్నాం.

కథల్లో కృత్రిమ అవయవాలు

ఈ ఊహ కొత్తది కాదు. యుద్ధంలో కాలు తెగిన విశ్పలకు అశ్వినీ దేవతలు ఇనుప కాలు అమర్చారని ఋగ్వేదం చెబుతుంది. ముసలివాడైన చ్యవనుడికి తిరిగి యౌవనం ఇచ్చిందీ వాళ్ళే. అయితే అవి రెండూ వేరు వేరు వరాలు. ఇనుప కాలు వచ్చినందువల్ల విశ్పల ఆయుష్షు పెరిగిందని ఎక్కడా లేదు. మన శ్రీకాళహస్తి కథలో తిన్నడు తన కన్ను తీసి శివుడికి పెట్టాడు.

ఇక ఆధునిక సైన్స్ ఫిక్షన్‌కు వస్తే, మార్టిన్ కైడిన్ 1972లో "సైబోర్గ్" అనే నవల రాశాడు. విమాన ప్రమాదంలో దెబ్బతిన్న పైలట్‌కు రెండు కాళ్ళు, ఒక చెయ్యి, ఒక కన్ను యంత్రాలతో అమరుస్తారు. "సిక్స్ మిలియన్ డాలర్ మ్యాన్" అనే టీవీ సీరియల్ దాని నుంచే వచ్చింది. ఐజాక్ అసిమోవ్ 1976లో రాసిన "ది బైసెంటినియల్ మ్యాన్" కథ ఇంకా లోతుగా వెళుతుంది. అందులో ఆండ్రూ అనే రోబో కృత్రిమ అవయవాలను తయారుచేస్తాడు. మనుషులకు అవి ఉపయోగపడతాయి. కానీ తాను మనిషిగా గుర్తింపు పొందడానికి ఆండ్రూ రెండు వందల ఏళ్ళ వయసులో చావును కోరి తెచ్చుకుంటాడు.

కాలు మారితే ఆయుష్షు మారుతుందా?

మా హాస్టలు సైకిలు సంగతి చూడండి. కొత్త టైర్లు వేసినా ఫ్రేము తుప్పు పడితే అది ఎన్నాళ్ళు నడుస్తుంది? మన శరీరమూ అంతే. గుండె, మెదడు, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు ఎంతకాలం పనిచేస్తే అంతకాలమే ప్రాణం. కాళ్ళూ చేతులూ ఇనుపవైనంత మాత్రాన గుండె వయసు తగ్గదు. పైగా కథల్లోని వీరుడు ఇనుప చేత్తో పడవను ఎత్తితే ఆ బరువు పడేది అతని వెన్నెముక మీద. అది ఇంకా ఎముకే కదా!

"కాలు లేకపోతే గుండె రక్తం పంపాల్సిన చోటు తగ్గుతుంది. దానికి పని తగ్గి ఎక్కువకాలం పనిచేస్తుంది కదా" అని మాలో ఒకడు వాదించాడు. వినడానికి బాగానే ఉంది. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో అవయవాలు కోల్పోయిన అమెరికా సైనికులను ఏళ్ళ తరబడి గమనించి 1980లో ప్రచురించిన పరిశీలన దీనికి వ్యతిరేకంగా చెప్పింది. కాలు పైభాగం దాకా పోయినవారిలో గుండె జబ్బుతో మరణాలు ఎక్కువగా కనిపించాయి.

ఎందుకంటే కృత్రిమ కాలుతో నడవడానికి శక్తి ఎక్కువ కావాలి. మోకాలి కింద తీసేసినవారికి మామూలు నడకకంటే సుమారు నాలుగో వంతు, మోకాలి పైన తీసేసినవారికి సగానికి పైగా ఎక్కువ శక్తి ఖర్చవుతుందని చెబుతారు. ఆ శ్రమకు విసిగి నడక మానేస్తే బరువు, రక్తపోటు, షుగరు పెరుగుతాయి. ఆయుష్షు తగ్గించేవి అవే. కాబట్టి తేలికైన, సరిగ్గా సరిపోయే కాలు ఉంటే మనిషి నడుస్తాడు. నడిస్తే గుండె బాగుంటుంది. కృత్రిమ కాలు ఆయుష్షుకు చేసే మేలు ఈ దారిలోనే వస్తుంది.

క్షిపణి నుంచి పిల్లల కాళ్ళకు

సూర్యలంకలో వాయుసేన కేంద్రం ఉన్న సంగతి మన ప్రాంతంలో అందరికీ తెలుసు. అక్కడ క్షిపణులను ప్రయోగించి పరీక్షిస్తారు. ఆకాశ్ క్షిపణిని రూపొందించిన హైదరాబాదు డి.ఆర్.డి.ఎల్.కు ఒకప్పుడు అబ్దుల్ కలాం గారు డైరెక్టరు. అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన తేలికైన పదార్థాన్ని నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఒకరు చూసి, కలాం గారిని తన రోగుల దగ్గరకు తీసుకువెళ్ళారు. అక్కడ చిన్నపిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లను ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో కలాం గారి బృందం 300 గ్రాముల కాలిపర్లు చేసి ఇచ్చింది. ఆ పిల్లలు పరుగులు పెట్టారు.

జైపూర్ కాలు కథా ఇలాంటిదే. 1960లలో డాక్టర్ పి.కె. సేథీ, చేతిపనివాడు రామచంద్ర శర్మ కలిసి దాన్ని తయారుచేశారు. చెప్పు లేకుండా నడవడానికి, గొంతుకు కూర్చోవడానికి, పొలం బురదలో దిగడానికి పనికొచ్చే కాలు అది. 1981లో ప్రమాదంలో కాలు కోల్పోయిన సుధాచంద్రన్ ఆ కాలుతోనే మళ్ళీ నాట్యం చేశారు. ఆమె జీవితం మీద సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన తెలుగు సినిమా "మయూరి"లో ఆమే నటించారు.

కన్ను సంగతి

జనం "గాజు కన్ను" అంటారు గానీ నేడు ఎక్కువగా అది ఆక్రిలిక్ ప్లాస్టిక్కుతో చేసిన తొడుగు. దానితో చూపు రాదు. ముఖం బాగుంటుంది. మరి ప్రాణానికి దానితో ఏం సంబంధం? ఐదేళ్ళలోపు పిల్లలకు రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సరు వస్తుంది. కంటిపాపలో తెల్లని మెరుపు కనిపించడం దాని గుర్తు. నిర్లక్ష్యం చేస్తే అది కంటి నరం వెంట మెదడుకు పాకుతుంది. అన్ని సందర్భాల్లో కన్ను తీయనక్కర లేదు. తీయక తప్పనప్పుడు తల్లిదండ్రులు "పిల్లకు కన్ను లేకపోతే ఎలా?" అని వెనకాడతారు. పెట్టుడు కన్ను ఉందని తెలిస్తే వాళ్ళకు ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం పిల్ల ప్రాణాన్ని కాపాడుతుంది.

మన అమ్మమ్మల కళ్ళలోనూ సైన్స్ ఫిక్షన్ ఉంది! రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల అద్దం ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నా కన్ను వాటిని తట్టుకోవడం హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు గమనించాడు. అదే రకం ప్లాస్టిక్కుతో 1949లో లండన్‌లో మొదటి కృత్రిమ లెన్సు అమర్చాడు. నేటి శుక్లాల ఆపరేషన్‌కు అదే మూలం. చూపు బాగుంటే పెద్దవాళ్ళు జారిపడరు. ముసలితనంలో తుంటి విరగడం ఎంత ప్రమాదమో మనకు తెలియనిదా?

యంత్రం ఆగిపోతే?

2013లో అమెరికాలో ఒక కృత్రిమ రెటీనాకు అనుమతి వచ్చింది. 60 ఎలక్ట్రోడ్లతో అంధులకు వెలుతురూ ఆకారాలూ కొంత తెలిసేవి. కానీ ఆ కంపెనీ 2019లో దాని తయారీ ఆపేసింది. పెట్టించుకున్నవాళ్ళు మరమ్మతు చేసేవాళ్ళు లేక ఇబ్బంది పడ్డారు. మనిషికంటే ముందు కంపెనీ ఆయుష్షు తీరితే ఏం చేయాలి? సైన్స్ ఫిక్షన్ రాసేవారు ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

మా మిత్రుడికి ఈ కష్టం వేరే రూపంలో వచ్చింది. ఎనిమిదో తరగతిలో అతను పొడుగయ్యాడు. కాలు మాత్రం పెరగలేదు! కొత్తది వచ్చేసరికి చాలా నెలలు పట్టింది. అన్నాళ్ళూ ఒకవైపు ఒరిగి నడిచి నడుం నొప్పి తెచ్చుకున్నాడు. తొడుగు ఒరుసుకుని పుండు పడింది. మెస్సుకు దిగడం మానేస్తే మేమే కంచంలో అన్నం పైకి తీసుకువెళ్ళేవాళ్ళం. మంచి పని చేస్తున్నామనుకున్నాం. అతన్ని నడక మాన్పిస్తున్నామని అప్పుడు మాకు తెలియదు.

చివరగా

తమ్ముడి ప్రశ్నకు మా జవాబు ఇది: ఇనుప కాలు ఒంటరిగా ఆయుష్షును పెంచదు. సరిపోయే కాలు, వేళకు మరమ్మతు, రోజూ నడక ఉంటే ఆ మనిషి మనందరిలాగే బతుకుతాడు.

మిత్రులారా! ఇంట్లో షుగరు ఉన్న పెద్దల పాదాలు రోజూ చూడండి. చిన్న పుండును అశ్రద్ధ చేయవద్దు. పసిపిల్లల కంటిపాప తెల్లగా మెరిస్తే వెంటనే కంటి డాక్టరుకు చూపించండి. పెరిగే పిల్లల కృత్రిమ కాలు పొట్టిదైతే ఆలస్యం చేయక చెప్పండి.

ఆ తర్వాత మేము మళ్ళీ సూర్యలంక వెళ్ళినప్పుడు బిందెడు మంచినీళ్ళు, పొడి తువ్వాలు వెంట తీసుకువెళ్ళాం. మా మిత్రుడు తడి ఇసుక దాకా మాతో నడిచి వచ్చాడు. తిరిగొచ్చాక కాలు విప్పి, ఉప్పునీరు, ఇసుక పోయేలా కడిగి, ఆరబెట్టి మళ్ళీ తొడుక్కున్నాడు. తువ్వాలు పట్టుకుని నిలబడింది ఆ ఆరో తరగతి తమ్ముడే.

— ఇంటర్ విద్యార్థుల బృందం