బడి మూసినా ఒళ్లు కదలాలి



2020వ సంవత్సరం గుర్తుందా? ఆ ఏడు కరోనా వచ్చింది. మార్చి 19 నుంచి మన రాష్ట్రంలో బడులు మూశారు. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వీధులు బోసిపోయాయి. అప్పుడు ఈ మూడు ఊర్లు అనంతపురం జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి.

బడి మూస్తే ఏమి ఆగింది?

చదువు ఆగిందని అందరమూ బాధపడినాము. నిజమే. కానీ ఇంకొకటి కూడా ఆగింది. అదే పిల్లల ఆట. బడికి నడిచిపోవడం ఆగింది. డ్రిల్లు ఆగింది. కబడ్డీ, ఖోఖో ఆగాయి.

పాఠాలు టీవీలో, ఫోన్లలో వచ్చాయి. పిల్లలు గోడకు ఆనుకొని ఫోను చూశారు. అయ్యవార్లు, టీచరమ్మలు కూడా కూర్చున్న చోటు నుంచే పాఠం చెప్పారు. చాలామందికి మెడ నొప్పి, నడుము నొప్పి వచ్చింది. రేపు ఏమవుతుందో అని దిగులు. రాత్రి నిద్ర లేదు.

2020 నవంబరు 2న 9, 10 తరగతులకు బడి తెరిచారు. 2021 ఏప్రిల్‌లో జబ్బు పెరిగి మళ్లీ మూశారు. ఆగస్టు 16న మళ్లీ తెరిచారు.

ఒళ్లు కదిలితే ఏమి లాభం?

ఎముకలు, కండలు గట్టిపడతాయి. గుండెకు మంచిది. చక్కెర జబ్బు, రక్తపోటు వచ్చే భయం తగ్గుతుంది. నిద్ర పడుతుంది. మనసులో దిగులు తగ్గుతుంది. అయితే వ్యాయామం చేస్తే కరోనా రాదని అనుకోకూడదు. దానికి టీకా, శుభ్రత, జాగ్రత్త కావాలి.

"మాకెందుకు వ్యాయామం? పొద్దున లేస్తే పనే కదా!"

మీరు ఇట్లా అడగవచ్చు. నీళ్లు మోయడం, ఇల్లు ఊడ్చడం, చేను పని, ఇవన్నీ ఒళ్లు కదిలే పనులే. లెక్కలోకి వస్తాయి. కానీ అన్ని పనులూ ఒకటి కాదు. ధర్మవరంలో మగ్గం ముందు గంటల తరబడి కూర్చుంటారు. హిందూపురంలో చింతపండు గింజ తీసేవాళ్లు వంగి కూర్చుంటారు. చేతులు ఆడతాయి, నడుము కదలదు. అట్లాంటి పనిలో మధ్యమధ్యలో లేవాలి. నాలుగు అడుగులు నడవాలి.

ఆడపిల్లకు ఆట వద్దా?

బడి మూసినప్పుడు చాలా ఇళ్లలో మగపిల్లవాడు బంతి తీసుకొని వీధిలోకి పోయాడు. ఆడపిల్ల అంట్లు తోమింది. చంటిబిడ్డను ఎత్తుకుంది. "పెద్దదయింది, ఇంక ఆటలేంది?" అన్నారు. బడి తెరిచినాక కూడా ఆ మాట పోలేదు. పని వేరు, ఆట వేరు. ఆటలో నవ్వు ఉంది, స్నేహితురాలు ఉంది. ఆడపిల్లకు అన్నం ఎట్లనో ఆట కూడా అట్లనే.

ఎంతసేపు కదలాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇట్లా చెప్పింది:
5 నుంచి 17 ఏళ్ల పిల్లలు – రోజుకు 60 నిమిషాలు.
పెద్దవాళ్లు – వారానికి కనీసం 150 నిమిషాలు.

ఇంట్లోనే చేయండి

1. నిటారుగా నిలబడి చేతులు పైకెత్తండి, దించండి. 10 సార్లు.
2. గోడ పట్టుకొని మడమలు ఎత్తండి, దించండి. 10 సార్లు.
3. స్టూలు మీద కూర్చోండి, లేవండి. 10 సార్లు.
4. సాయంత్రం పిల్లలతో కలిసి వేగంగా నడవండి.

జాగ్రత్త! జ్వరం ఉంటే విశ్రాంతి తీసుకోండి. జబ్బు తగ్గినాక మెల్లగా మొదలుపెట్టండి. ఛాతీ నొప్పి గానీ, ఎక్కువ ఆయాసం గానీ వస్తే ఆపి వెంటనే ఆసుపత్రికి పోండి. గర్భిణులు నర్సమ్మను అడిగి చేయాలి.

చెప్పండి
1. బడులు మూసినప్పుడు చదువుతో పాటు ఏమి ఆగింది?
2. మీ పనిలో ఒళ్లంతా కదులుతుందా, చేతులు మాత్రమే కదులుతాయా?
3. మీ పాప రోజూ ఎంతసేపు ఆడుతుంది? మీ బాబు ఎంతసేపు ఆడతాడు?

లెక్క చేయండి
రోజుకు 30 నిమిషాల చొప్పున 5 రోజులు నడిస్తే మొత్తం ఎన్ని నిమిషాలు?

చూసి రాయండి
మా పాప చదువుతుంది. మా పాప ఆడుతుంది.