చెన్నైలో సైనికుల సమాధులు



వేసవి సెలవుల్లో అమ్మ, తమ్ముడు, నేను చెన్నై వెళ్ళేం. మా నాన్న అక్కడ మేడలు కట్టే పనిలో ఉన్నాడు. ఆమదాలవలసలో మెయిలు ఎక్కి జనరల్ పెట్టెలో రాత్రంతా కూర్చునే వెళ్ళేం.

మొదట మెరీనా బీచి చూసేం. తమ్ముడు సముద్రం నీళ్ళు తాగి ఉప్పుగా ఉన్నాయని ఏడ్చేడు. అక్కడి లైట్‌హౌసుకి లిఫ్టు ఉంది. అమ్మ ముందు ఎక్కనంది, పైకి వెళ్ళేక దిగనంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మనీ ఓడ ఈ సముద్రంలో నుండే మద్రాసు మీద గుళ్ళు పేల్చింది. నూనె ట్యాంకులు అంటుకున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం అంటే ఎక్కడో ఐరోపాలోనే అనుకున్నాను నేను.

మర్నాడు నాన్న నందంబాక్కం తీసుకెళ్ళేడు. అది సెయింట్ థామస్ మౌంట్ దాటేక పూనమల్లి రోడ్డులో ఉంది. "రోజూ బస్సులోంచి చూస్తాను. ఎవరిదో తోట అనుకున్నాను. స్మశానమంట. నువ్వు చదివి చెప్పు" అన్నాడు. మా ఇంట్లో చదువు వచ్చింది నాకే గదా.

లోపల పచ్చగడ్డి, పువ్వులు. తెల్లటి రాళ్ళు వరసగా, మనం ప్రార్థనలో నిలబడ్డట్టు ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన 850 మందికి పైగా ఇక్కడ ఉన్నారు. వీళ్ళు అందరూ ఇక్కడే చనిపోలేదు. దక్షిణ, తూర్పు భారతంలో చాలా ఊళ్ళలో పాతిపెట్టినారు. అక్కడ సమాధులను ఎల్లకాలం చూసుకునే వీలు లేదని, 1952లో ఈ చోటు ఏర్పాటు చేసి ఇక్కడికి తెచ్చినారు. ఈ పని చూసేది కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్. అది 1917లో పుట్టింది. దాని నియమం ఏమిటంటే ఆఫీసరుకైనా మామూలు సిపాయికైనా ఒకే కొలత రాయి. రాయి మీద పేరు, పటాలం గుర్తు, చనిపోయిన తేదీ ఉంటాయి. కొన్నింటి మీద వయసు కూడా ఉంది. నేను చదువుతుంటే అమ్మ "ఎన్నేళ్ళు, ఎన్నేళ్ళు" అని ప్రతి రాయి దగ్గరా అడిగింది.

అక్కడ ఇంకొకటి ఉంది. 1914–1918 యుద్ధంలో చనిపోయిన వెయ్యి మందికి పైగా పేర్లు చెక్కినారు. వాళ్ళ శరీరాలు అక్కడ లేవు, వేరే ఊళ్ళలో ఉన్నాయి. పేర్లు మాత్రమే ఇక్కడ. ఢిల్లీలో కూడా ఇలాంటిది ఉంది. రెండో యుద్ధంలో చనిపోయిన 25 వేల మందికి పైగా మన దేశపు సైనికుల జ్ఞాపకంగా కట్టినారు.

ఇది విని నాన్న చాలాసేపు మాట్లాడలేదు. మీలో కొందరికి తెలుసు, మా చిన్నాన్న కిందటేడు చెన్నైలోనే పనిలో మేడ మీద నుండి పడి చనిపోయేడు. ఊరికి తేవడానికి డబ్బు లేక అక్కడే ఒక స్మశానంలో పాతిపెట్టినారు. ఆ సాయంత్రం మేము అక్కడికీ వెళ్ళేం. కొత్త గోతులు చాలా వచ్చేయి. నాన్న ఒక వేపచెట్టు దగ్గర నిలబడి ఇక్కడే అన్నాడు, మళ్ళీ కొంచెం దూరం నడిచి కాదు ఇక్కడ అన్నాడు. అమ్మ రెండు చోట్లా పువ్వులు పెట్టింది.

మా సవరల్లో చనిపోయిన మనిషికి గువార్ చేస్తాం. దున్నను కోసి, ఒక రాయి నిలబెడతాం. మా ఊరి చివర చింతచెట్టు కింద అలాంటి రాళ్ళు చాలా ఉన్నాయి. చిన్నప్పుడు వాటి మీద కూర్చుంటే తాత తిట్టేవాడు. వాటి మీద అక్షరాలు ఉండవు. ఏది ఎవరిదో తాతకి తెలుసు, నాన్నకి కొన్ని తెలుసు, నాకు రెండే తెలుసు.

చిన్నాన్న శరీరం లేదని ఇన్నాళ్ళూ గువార్ ఆపేరు. రైల్లో వస్తున్నప్పుడు నాన్న అన్నాడు, "వాళ్ళు పేరు పెట్టుకున్నారు గదా, మనం రాయి పెట్టుకోకూడదేటి?" పంట ఇంటికొచ్చేక చేద్దామని తాత ఒప్పుకున్నాడు. రాయి నాన్న ఏటి దగ్గర చూసిపెట్టేడు. దాని మీద పేరు నేను రాస్తానన్నాను. మన రాళ్ళకి రాత అక్కరలేదు అంటున్నాడు తాత. దసరా సెలవులకి వెళ్ళేక మళ్ళీ అడుగుతాను.