ఆరు నెలల కొలువు

ఉద్దేశం: విదేశాలలో కొద్దికాలపు ఉద్యోగం ఏ విధంగా లభిస్తుందో, అందులో యజమాని బాధ్యతలేవో, పనివారి హక్కులేవో ఒక దేశపు ఉదాహరణతో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మిషిగన్ రాష్ట్రంలో, హ్యూరాన్ సరస్సు నడుమ మాకినా అనే చిన్న దీవి ఉంది. అక్కడ 1898లోనే మోటారు వాహనాలను నిషేధించారు. నేటికీ ఆ వీథులలో తిరిగేవి గుర్రపు బండ్లు, సైకిళ్ళే. చలికాలంలో దీవిలో మిగిలేది కొన్ని వందల మంది మాత్రమే. మంచు కరిగి పడవల రాకపోకలు మొదలైతే చాలు, యాత్రికులు వేల సంఖ్యలో దిగుతారు. హోటళ్ళు తలుపులు తెరుస్తాయి. భోజనశాలలు కళకళలాడతాయి. అక్టోబరు ముగిసేసరికి దాదాపు అన్నింటికీ మళ్ళీ తాళాలు పడతాయి.

ఈ ఆరు నెలలూ ఆ వంటగదులలో కూరలు తరిగేదెవరు? పళ్ళేలు కడిగేదెవరు? గదులు ఊడ్చి పక్కలు వేసేదెవరు? దీవిలోని వారు చాలరు. సెలవులలో పనికి వచ్చిన అమెరికా విద్యార్థులు ఆగస్టు చివరకే కళాశాలలకు వెళ్ళిపోతారు. ఏడాది పొడుగునా జీతం వచ్చే ఉద్యోగాన్ని వదులుకొని ఆరు నెలల పనికోసం దీవికి వచ్చేవారు అరుదు. అందుచేత ఎన్నో ఏళ్ళుగా కరీబియన్ సముద్రంలోని జమైకా దేశం నుంచి స్త్రీపురుషులు అక్కడికి పనికి వస్తున్నారు. మసాచుసెట్స్ రాష్ట్రపు కేప్ కాడ్ తీరంలోనూ ఇదే కథ. మేరీలాండ్ రాష్ట్రంలో పీతల మాంసం ఒలిచే పనికి మెక్సికో నుంచి స్త్రీలు వస్తారు. వారు ఒలిచిన మాంసం పెద్ద పట్టణాల భోజనశాలలకు చేరుతుంది; తినేవారిలో ఎందరికి ఆ సంగతి తెలుసునో!

ఇలా వచ్చేవారికి ఇచ్చే అనుమతిని హెచ్-2బి వీసా అంటారు. పేరు వింతగా వినిపించినా అందులో రహస్యమేమీ లేదు. 1952 నాటి వలస చట్టంలో తాత్కాలిక పనివారిని గురించి చెప్పే భాగానికి ఉన్న అక్షరమూ అంకెలే వీసా పేరుగా స్థిరపడ్డాయి. 1986లో ఆ తరగతిని రెండుగా విడదీసి పొలం పనులకు హెచ్-2ఎ అనీ, తక్కిన పనులకు హెచ్-2బి అనీ వ్యవహరించసాగారు.

ఈ వీసా విషయంలో ముందుగా గ్రహించవలసిన సంగతి ఒకటుంది. దీనికి తొలి దరఖాస్తు పెట్టేది పనివాడు కాదు, యజమాని. తనకున్న అవసరం తాత్కాలికమైనదేనని, ఆ పనికి స్థానికులు దొరకలేదని అతడు మొదట అమెరికా కార్మిక శాఖకు నిరూపించాలి. అందుకోసం స్థానికులకు ముందుగా ప్రకటన ఇవ్వాలి. ఆ ప్రాంతంలో ఆ పనికి వాడుకలో ఉన్న వేతనం కంటె తక్కువ ఇవ్వనని ఒప్పుకోవాలి. కార్మిక శాఖ ధ్రువీకరించిన తరువాత వలస శాఖకు మరొక దరఖాస్తు పెట్టాలి. అదీ మంజూరైన పిమ్మటనే పనివాడు తన దేశంలోని అమెరికా కాన్సులేటు గడప తొక్కుతాడు. కాబట్టి యజమాని లేని హెచ్-2బి వీసా ఉండదు. ‘వీసా సిద్ధంగా ఉంది, పని అక్కడికి వెళ్ళాక చూసుకోవచ్చు’ అని ఎవరైనా చెబితే అది అబద్ధమని గ్రహించడానికి ఈ ఒక్క సంగతి చాలు.

ఇంత చేసినా వీసా దొరుకుతుందన్న భరోసా లేదు. ఏడాదికి 66,000 మందికి మించి ఇవ్వరాదని చట్టం హద్దు పెట్టింది. అందులో సగం అక్టోబరు మొదలు మార్చి వరకు, తక్కిన సగం ఏప్రిల్ మొదలు సెప్టెంబరు వరకు పనిలో చేరేవారికి కేటాయిస్తారు. పని మొదలయ్యే తేదీకి 90 రోజుల కంటె ముందు కార్మిక శాఖకు దరఖాస్తు పెట్టరాదు. అందువల్ల ఏప్రిల్ 1న పని ప్రారంభించదలచిన యజమానులందరూ జనవరి 1నే ఎగబడతారు. 2019 జనవరి 1న ఆ తాకిడికి కార్మిక శాఖ కంప్యూటరు వ్యవస్థ స్తంభించిపోయింది. ఆ తరువాత మొదటి మూడు రోజులలో వచ్చిన దరఖాస్తులకు లాటరీ పద్ధతిన వరుస నిర్ణయించే ఏర్పాటు చేశారు. డిమాండును చూసి 2023, 2024, 2025 ఆర్థిక సంవత్సరాలలో ఒక్కొక్క ఏడాదికి 64,716 వరకు అదనపు వీసాలను ప్రకటించారు. జమైకాలోని ఒక తల్లి తన బిడ్డ బడి రుసుము ఈ ఏడాది కట్టగలదా లేదా అన్నది ఎక్కడో ఒక కంప్యూటరు తీసిన చీటీ మీద ఆధారపడి ఉంటుందన్నమాట.

పని దొరికినవారికి కాగితం మీద ఉన్న రక్షణలు చిన్నవేమీ కావు. పని వివరాలు, వేతనం, కోతలు అన్నీ పనివారికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలి. ప్రతి 12 వారాలకు, మాట ఇచ్చిన పనిగంటలలో కనీసం నాలుగింట మూడు వంతులకు వేతనం ముట్టజెప్పాలి. వారానికి 40 గంటల పని అని ఒప్పుకున్న యజమాని 12 వారాలలో 480 గంటలు చూపాలి. వానలు పడి యాత్రికులు రాకపోయినా 360 గంటల కూలి తప్పదు. వీసా రుసుమును మొదటి వారంలోనే తిరిగి ఇవ్వాలి. ఒప్పందకాలంలో సగం పూర్తిచేసిన వారికి వచ్చేటప్పటి ప్రయాణపు ఖర్చు, చివరివరకు పనిచేసిన వారికి తిరుగు ప్రయాణపు ఖర్చు యజమానియే భరించాలి. అన్నింటికంటె ముఖ్యమైనది, ఉద్యోగం ఇప్పించినందుకు పనివారి వద్ద యజమాని గాని, అతని తరఫు ఏజెంటు గాని డబ్బు తీసుకోరాదు. 2008 నాటి చట్టం ప్రకారం ఈ హక్కులను వివరించే చిన్న పుస్తకాన్ని వీసా ఇచ్చే అధికారులే అభ్యర్థికి అందజేస్తారు. వసతి మాత్రం వేరు సంగతి. పొలం పనివారికి ఇల్లు ఉచితంగా ఇవ్వాలి. హెచ్-2బి వారికి ఆ నియమం లేదు. కేప్ కాడ్ వంటి చోట వేసవిలో గది దొరకడమే గగనం. అందుచేత వేతనం ఎంత అని అడగడంతో సరిపోదు. అద్దె ఎంత కోస్తారన్నదీ తెలుసుకోవాలి.

కాని ఈ రక్షణలన్నింటికీ ఒక లోపం ఉంది. అనుమతి పనివాని పేర ఉన్నా దాని మూలం యజమాని చేతిలో ఉంటుంది. పనివాడు చెప్పకుండా పని మానితే రెండు పనిదినాలలో యజమాని వలస శాఖకు తెలియజేయాలి. యజమానిపై ఫిర్యాదు చేయదలచినవాడు తన వీసాను పణంగా పెట్టినట్లే అయ్యేది. 2025 జనవరి 17 నుంచి అమలులోకి వచ్చిన నియమాలు ఈ ముడిని కొంత వదులు చేశాయి. పని పోయినవాడు మరొక యజమానిని వెదుక్కోవడానికి, లేదా స్వదేశానికి వెళ్ళడానికి 60 రోజుల వరకు గడువు లభించింది.

ఆ ముడి ఎంత గట్టిదో మన దేశపు కార్మికులకు అనుభవంలోకి వచ్చిన సందర్భం ఒకటి ఉంది. అది హోటలు పని కాదు, సముద్రపు చమురు రిగ్గుల మరమ్మతు పని. వీసా మాత్రం ఇదే. 2005 ఆగస్టులో కత్రినా తుఫాను అమెరికా దక్షిణ తీరాన్ని ధ్వంసం చేసిన తరువాత, మిసిసిపీ రాష్ట్రంలోని పాస్కగూలాలో ఉన్న సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ సుమారు 500 మంది భారతీయ వెల్డర్లను, పైపు పనివారిని రప్పించింది. శాశ్వత నివాసం లభిస్తుందన్న ఆశ చూపి ఏజెంట్లు వారి వద్ద 10,000 డాలర్లు, అంతకు మించి కూడా వసూలు చేశారు. ఒక్కొక్క గదిలో 24 మంది వరకు కుక్కినట్లు ఉండవలసి వచ్చింది. దానికి నెలకు 1,050 డాలర్లు జీతంలో కోత. 2008 మార్చిలో కార్మికులు పని వదలి బయటకు వచ్చారు. కోర్టులో వ్యాజ్యం ఏళ్ళ తరబడి సాగింది. 2015 ఫిబ్రవరిలో న్యూ ఆర్లీన్స్ ఫెడరల్ కోర్టు జ్యూరీ ఐదుగురు కార్మికులకు 1 కోటీ 40 లక్షల డాలర్ల పరిహారం నిర్ణయించింది.

వారు అన్నాళ్ళు ఎందుకు ఓర్చుకున్నారని మనం అడగవచ్చు. ఇల్లు తాకట్టు పెట్టి, పొలం అమ్మి వచ్చినవాడు వట్టి చేతులతో ఎలా తిరిగి వెళ్తాడు? పాలమూరు కూలీలను పనులకు తీసుకుపోయే మేస్త్రీ ముందుగా కొంత సొమ్ము చేతిలో పెట్టి కట్టివేస్తాడు. విదేశీ ఏజెంటు ఎదురు సొమ్ము పుచ్చుకొని కట్టివేస్తాడు. అప్పు నడిచే దిక్కు మారింది గాని బంధం ఒకటే.

2009 నుంచి కొన్ని దేశాల జాబితాను ప్రకటించి, సాధారణంగా ఆ దేశస్థులకే ఈ వీసా ఇచ్చేవారు. అందులో భారతదేశం లేదు. 2025 జనవరి 17 నుంచి ఆ జాబితా పద్ధతి రద్దయింది. అంతమాత్రాన తలుపులు బార్లా తెరుచుకున్నట్లు కాదు. వీసా గడువు తీరాక అభ్యర్థి తిరిగి వస్తాడని కాన్సులేటు అధికారికి నమ్మకం కలగాలి. అయినా ఈ మార్పును చూపి కొత్త ఏజెంట్లు బయలుదేరడానికి వీలుంది. విదేశీ కొలువులకు మనుషులను ఎంపిక చేసే ఏజెంట్లకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలని మన 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం విధించింది. 2017లో సవరించిన నియమాలు సేవా రుసుమును, పన్ను కాక, 30,000 రూపాయలకు పరిమితం చేశాయి. హెచ్-2బి వీసాకైతే అమెరికా నియమం ప్రకారం ఆ మాత్రమూ తీసుకోరాదు. యజమాని పేరు, ఊరు, గంటకు వేతనం, పని తేదీలు ఉన్న ప్రకటనలను అమెరికా కార్మిక శాఖ సీజనల్ జాబ్స్ అనే తన వెబ్‌సైటులో అందరికీ కనిపించేట్లు ఉంచుతుంది. ఏజెంటు చెప్పిన హోటలు పేరు అందులో ఉన్నదో లేదో చూడటానికి పైసా ఖర్చు కాదు.

మాకినా దీవిలో అక్టోబరు చివరి వారం వేరుగా ఉంటుంది. బల్లలు ఒకదానిపై ఒకటి పేరుస్తారు. గుర్రాలను చలికాలానికి అవతలి ఒడ్డుకు పడవలలో తరలిస్తారు. వలస వెళ్ళిన జమైకావారికి పెద్ద పీపాలలో సామాను నింపి ఇంటికి ఓడలో పంపడం అలవాటు. బియ్యం, సబ్బులు, పిల్లల బూట్లు, బడి సంచులు అందులోకి చేరతాయి. మళ్ళీ రమ్మని యజమాని అడిగినవారు సరేనంటారు. జనవరిలో చీటీ ఎవరికి వస్తుందో ఇద్దరికీ తెలియదు.

అభ్యాసం

1. మాకినా దీవి హోటళ్ళకు స్థానికులు చాలకపోవడానికి కారణాలేమిటి?
2. హెచ్-2బి వీసాకు ముందుగా యజమానియే ఎందుకు దరఖాస్తు పెట్టాలి? ఆ క్రమాన్ని వివరించండి.
3. ‘అప్పు నడిచే దిక్కు మారింది గాని బంధం ఒకటే’ – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. వారానికి 35 గంటల పని అని ఒప్పుకున్న యజమాని 12 వారాలకు కనీసం ఎన్ని గంటల వేతనం ఇవ్వాలి?
5. మీ ప్రాంతం నుంచి ఇతర ప్రాంతాలకు కొద్దికాలపు పనికి వెళ్ళివచ్చిన ఒకరితో మాట్లాడి, వారి ఒప్పందం, వేతనం, వసతుల గురించి ఒక పుటకు మించకుండా రాయండి.